ల్యాప్‌టాప్ కొన్నారు సరే, బ్యాగు సంగతేమిటి?



ఇంటర్ అయింది, ఎంట్రన్సులు అయ్యాయి, కౌన్సెలింగులో సీటూ వచ్చింది. ఈ రోజుల్లో రాత్రిపూట గోదావరి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లు వచ్చే వేళకి మన రాజమహేంద్రవరం స్టేషన్‌లో నిలబడితే ఒకటే దృశ్యం: చక్రాల సూట్‌కేసు, పరుపు చుట్ట, పచ్చళ్ల డబ్బాలున్న సంచి, పిల్లల వీపున కొత్త ల్యాప్‌టాప్. ఆ సామానంతటిలో ఖరీదైనది ఆ ల్యాప్‌టాపే. చాలా ఇళ్లలో దానికి వాయిదాలు ఇంకా మొదలు కూడా కాలేదు. దాన్ని మోసే బ్యాగు మాత్రం షాపువాళ్లు ఉచితంగా ఇచ్చింది.

ఉచితంగా వచ్చే బ్యాగులన్నీ చెడ్డవని కాదు. ఇంటి నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి చాలావరకు సరిపోతాయి. కానీ రాత్రంతా రైల్లో, ఆపైన ఆటోలో, ఆపైన హాస్టల్ మెట్ల మీద సాగే ప్రయాణానికి తయారుచేసినవి కావు. ఒక్కసారి లోపల చెయ్యి పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ అరకి ఒక పక్క పలచని స్పాంజ్ ఉంటుంది, అడుగున ఏమీ ఉండదు. దెబ్బ ఎక్కువగా తగిలేదేమో అడుగునే.

మన దృష్టి సాధారణంగా పైపై వాటి మీదికి పోతుంది: రంగు, జేబులు ఎన్ని, కంపెనీ పేరు. ముందు చూడాల్సింది ల్యాప్‌టాప్ అర అడుగు భాగం. మంచి బ్యాగులో ఆ అర బ్యాగు అడుగుదాకా దిగదు. రెండు మూడు సెంటీమీటర్లు పైనే ఆగిపోతుంది. అంటే లోపల ల్యాప్‌టాప్ ఉయ్యాలలో ఉన్నట్టు వేలాడుతుంది. పిల్లలు బస్సు దిగి బ్యాగును దబ్బున నేల మీద పెట్టినా ఆ దెబ్బ మెషీన్ అంచుకి నేరుగా తగలదు. షాపులో దీన్ని కనిపెట్టడం తేలిక. ఒక చెయ్యి ల్యాప్‌టాప్ అరలో అడుగుదాకా పెట్టండి, రెండో చేత్తో బ్యాగు అడుగును బయటినుంచి నొక్కండి. రెండు చేతుల మధ్య ఖాళీ తెలిసిందా, తీసుకోండి. వేళ్లకు వేళ్లు తగిలాయా, పక్కన పెట్టేయండి. మెయిన్ రోడ్డులోనైనా, దేవీచౌక్ దగ్గరైనా ఇలా నొక్కి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు. చీర కొనేటప్పుడు కొంగు విప్పి చూడమూ?

సైజు విషయంలో ఒక చిన్న తిరకాసుంది. 15.6 అంగుళాలు అంటే అది తెర కొలత, అదీ మూల నుంచి మూలకు. మెషీన్ కొలత కాదు. ఒకే 15.6 అంగుళాల తెర ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి పలచగా ఉండొచ్చు, గేమింగ్ రకమైతే వెనకవైపు మరో రెండు మూడు సెంటీమీటర్లు పొడవు, దాదాపు రెట్టింపు మందం ఉండొచ్చు. కాబట్టి ఇంట్లో టేపుతో పొడవు, వెడల్పు, మందం కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. అసలు ల్యాప్‌టాప్‌నే పట్టుకెళ్లి పెట్టి చూడటం ఇంకా మేలు. బిగుతుగా ఉంటే జిప్పు పళ్లు మూలల్ని గీస్తాయి. వదులుగా ఉంటే లోపల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ‘పెద్దదైతే తర్వాత కూడా పనికొస్తుంది’ అనే లెక్క స్కూలు యూనిఫారానికి సరే గానీ దీనికి పనికిరాదు.

ఇప్పటికే మంచి దిట్టమైన బ్యాగు ఉంటే కొత్తది కొనక్కర్లేదు. స్లీవ్ ఒకటి కొని ల్యాప్‌టాప్‌ని అందులో పెట్టి ఆ బ్యాగులో దించితే చాలు. నా ఓటు చాలామంది పిల్లల విషయంలో దీనికే. స్లీవ్‌లలో నియోప్రీన్ అని మెత్తగా, సాగే రకం ఒకటి, ఈవీఏ అని కాస్త గట్టి పెంకులా ఉండే రకం ఒకటి దొరుకుతాయి. మెత్తనిది గీతల్ని ఆపుతుంది, చిన్న దెబ్బల్ని తట్టుకుంటుంది. గట్టిది ఒత్తిడిని కూడా ఆపుతుంది. రైల్లో, బస్సులో వెళ్లేవారికి గట్టిదే మంచిది.

ఎందుకంటే ల్యాప్‌టాప్ తెర కిందపడితేనే పగులుతుందని అనుకుంటాం. నొక్కుడుకి కూడా పగులుతుంది. చార్జర్ ఇటుకలాంటి వస్తువు. దాన్ని ముందు జేబులో పెట్టి, బ్యాగును బెర్తు కింద తోసి, దాని మీద ఇంకో సూట్‌కేసు ఆనిస్తే ఆ ఇటుక నేరుగా మూత మీద నొక్కుతుంది. బయటకి ఒక్క గీత కూడా కనబడదు. తెరిచి చూస్తే లోపల సాలెగూడు. స్టీలు టిఫిన్ బాక్సు, తాళం గుత్తి, మౌసు కూడా అంతే. చార్జర్‌ని బ్యాగు అడుగున వేరే అరలో పెట్టించండి, లేదా బట్టల సూట్‌కేసులో వేయించండి. ల్యాప్‌టాప్‌ని వీపు వైపు ఉండే అరలో, మూత భాగం వీపు వైపుకి వచ్చేలా పెడితే తెరకి కాస్త రక్షణ.

ఇక మన ఇళ్లకు మాత్రమే సంబంధించిన ఒక మాట. ఆవకాయ సీసా, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు హాస్టల్‌కి వెళ్లాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులో కాదు. మూత ఎంత బిగించినా ఆవకాయ నూనె దారి వెతుక్కుంటుంది. కాజా పాకమూ అంతే. కీబోర్డులోకి దిగిందంటే తుడిస్తే పోదు. మంచినీళ్ల సీసాను కూడా బ్యాగు బయట పక్క జేబులోనే ఉంచమనండి. లోపల పెట్టిన సీసా, పైన చల్లటి నీరు, బయట గోదావరి జిల్లాల ఉక్క: సీసా కారకపోయినా చెమర్చి తడిపేస్తుంది.

కాలేజీలు తెరిచేది వానాకాలంలోనే కదా. బ్యాగు మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉంటే సంతోషపడి ఊరుకోకండి. చాలాసార్లు తడవనిది బట్ట మాత్రమే. నీళ్లు లోపలికి వెళ్లేది జిప్పు దగ్గర, కుట్ల దగ్గర. ఇంటికి తెచ్చాక ఖాళీ బ్యాగులో పాత దినపత్రిక మడిచి పెట్టి, జిప్పు మీద ఒక చెంబుడు నీళ్లు నెమ్మదిగా పోయండి. అయిదు నిమిషాల తర్వాత కాగితం తీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తడిస్తే బ్యాగు పారేయక్కర్లేదు. పైన తొడిగే రెయిన్ కవర్ ఒకటి కొనండి, అదీ లేకపోతే లోపల ల్యాప్‌టాప్‌కి ఒక మందపాటి పాలిథిన్ కవర్ చాలు. స్టేషన్ నుంచి ఆటో దొరికేలోపు వచ్చే జల్లుకి అంతకన్నా అక్కర్లేదు.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు దీనికి తిరగేసి ఉంటుంది సమస్య. మే నెల ఎండలో ఆపి ఉంచిన కారు లోపల ల్యాప్‌టాప్ వదిలేయకూడదు. మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని, 45 డిగ్రీలు దాటిన చోట భద్రపరచవద్దని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. మన ఊళ్లో మూసిన కారు లోపల ఆ లెక్క దాటడానికి ఎంతోసేపు పట్టదు. బ్యాటరీకి వేడి అంటే సరిపడదు. అందుకే బ్యాగులో పెట్టేముందు మూత మూసి ఊరుకోకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయమని పిల్లలకు చెప్పండి. మూత మూస్తే అది నిద్రపోతుందంతే. ఒక్కోసారి బ్యాగులోనే మేలుకుని, గాలి ఆడని చోట తనలో తనే వేడెక్కుతుంది. పాతరకం హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్ అయితే తిరుగుతున్న డిస్క్‌కి కుదుపు తగిలే ప్రమాదం కూడా ఉంది.

బరువు గురించి. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లల బ్యాగు వారి శరీర బరువులో పదో వంతు మించకూడదు. ఇంటర్ వయసు పిల్లలకు అది మూడున్నర నుంచి అయిదు కిలోలు. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కిలోన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. చార్జర్, స్లీవ్, ఖాళీ బ్యాగు కలిస్తే మూడు దాటుతుంది, పుస్తకం ఒక్కటి కూడా పెట్టకముందే. కాబట్టి ఇరవై జేబుల బ్యాగు బరువే కిలోన్నర ఉంటే అది మోసేవారికి శిక్ష. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టు ఒక్క వరసే ఉందా, లేక గడికట్టి మధ్యలో ఇంటూ మార్కులా కుట్టారా చూడండి. తెగేది అక్కడే. మిగతాదంతా బాగుండి ఆ కుట్టు ఒక్కటే బలహీనంగా ఉంటే, బ్యాగులు కుట్టేవారి చేత గట్టి దారంతో మళ్లీ కుట్టించుకోవచ్చు. ‘యూఎస్‌బీ చార్జింగ్ ఉన్న బ్యాగు’ అంటే మురిసిపోకండి. అందులో ఉండేది ఒక వైరు మాత్రమే, పవర్ బ్యాంక్ మీరు కొనిపెట్టాల్సిందే.

మధురపూడి నుంచి విమానంలో పంపేవారికి రెండు మూడు ముక్కలు. ల్యాప్‌టాప్‌ని, పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్ లగేజీలో వేయకండి. పవర్ బ్యాంక్ చేతి సామానులోనే వెళ్లాలి, 100 వాట్ అవర్ల లోపైతే ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్ రకం దాదాపు 74 వాట్ అవర్లు. సెక్యూరిటీ దగ్గర ల్యాప్‌టాప్ బయటకి తీసి ట్రేలో పెట్టమంటారు, కనుక సామానంతా కదపకుండా దాని అర ఒక్కటే తెరిచేలా ఉంటే కంగారు ఉండదు. చిన్న ఏటీఆర్ విమానాల్లో తలపైన అరలు చిన్నవి. ఉబ్బిన బ్యాగు అందులో పట్టక సిబ్బంది కిందికి పంపే సందర్భాలుంటాయి. అప్పుడు ల్యాప్‌టాప్‌ని స్లీవ్‌తో సహా తీసి చేతిలో ఉంచుకోమనండి.

రైల్లో అయితే బ్యాగును బెర్తు కింద కాక తల వైపు పెట్టుకుని, పట్టీ ఒకటి చేతికి చుట్టుకుని పడుకోవడం పాత పద్ధతే, ఇప్పటికీ మంచి పద్ధతి. రాత్రి బస్సులో డిక్కీలో వేయనివ్వకండి. స్కూటీ మీద తీసుకెళ్తే ముందు కాళ్ల దగ్గర కాదు, వీపుకే.

బయలుదేరే ముందురోజు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ ఉంచుకోండి. కొన్న బిల్లూ దానితోపాటే. పోయినప్పుడు పోలీసులకు గానీ, రైల్లో అయితే 139కి ఫోన్ చేసినప్పుడు గానీ పనికొస్తుంది. మీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి బ్యాగు లోపలి జేబులో పెట్టండి, బయట వేలాడదీయకండి. ప్రాజెక్టు ఫైళ్ల నకలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోమనండి. 15 జీబీ దాకా ఉచితమే. మామూలు వారంటీ కింద పడినా, నీళ్లు పడినా వర్తించదు. దానికి వేరే రక్షణ ప్లాన్ ఉంటుంది, కొనేటప్పుడే అడగండి.

ఇంకొకటి. పగిలిన సంగతి ఇంట్లో చెబితే తిడతారని పిల్లలు నెలల తరబడి దాచిపెట్టి, స్నేహితుల మెషీన్‌లు అడుక్కుని అసైన్‌మెంట్లు రాస్తుంటారు. ‘పగిలితే ముందు నాకే ఫోన్ చెయ్యి, ఏం చేయాలో ఇద్దరం చూద్దాం’ అని ప్లాట్‌ఫాం మీద రైలు కదలకముందే ఒకసారి చెప్పి పంపండి.