బ్యాటరీ ఎక్కడ కూర్చుంది?

"సార్, హైబ్రిడ్ కారులో ఇంజనూ ఉంటుంది, మోటార్లూ ఉంటాయి, పైగా పెద్ద బ్యాటరీ. ఇక మనుషులు ఎక్కడ కూర్చుంటారు?"

మా పాలిటెక్నిక్‌లో రెండో ఏడాది కుర్రాడు అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, చెప్పడానికి సరైన జవాబు లేదు మరి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, మోటారు కాలిపోయి అటక మీద పడున్న కార్డ్‌లెస్ డ్రిల్లును దించి విప్పాను. డ్రిల్లుకీ కారు సీటుకీ ఏమిటి సంబంధం అంటారా? వస్తున్నా.

టొయోటా ప్రియస్ పేరు వినని వాళ్ళు తక్కువ. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. పెట్రోలు పొదుపు గురించి అందరూ చెబుతారు గానీ, నాకు ముచ్చటగొలిపేది దాని పుట్టుక. 1993లో 'జీ21' పేరుతో పని మొదలైనప్పుడు అందులో హైబ్రిడ్ ఊసే లేదు. తర్వాత చీఫ్ ఇంజనీరు తకేషి ఉచియామాడా నడిపించిన ఆ ప్రాజెక్టు తొలి లక్ష్యాల్లో సగం కూర్చునేవాళ్ళ గురించే. బండి చిన్నదే, లోపల మాత్రం విశాలంగా ఉండాలి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం వీలైనంత పెంచాలి. సీటు కాస్త ఎత్తులో ఉండాలి, ఎక్కి దిగడానికి తంటా పడకూడదు. మైలేజీ లీటరుకు 20 కిలోమీటర్లు. అదేం చాలదు, మామూలు కారుకు రెట్టింపు రావాలని పైవాళ్ళు పట్టుబట్టాక గానీ మోటారు రంగంలోకి దిగలేదు. అంటే సీటు ముందు పుట్టింది, హైబ్రిడ్ తర్వాత!

సీటు ఎత్తుకు అంత ప్రాముఖ్యం ఎందుకో మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మను అడగండి. సీటు మన తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే ఒంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు, పక్కకు జరిగి కూర్చుంటే సరి. కూర్చున్నాక లెక్క వేరు. పాదం పెట్టే నేలకూ సీటుకూ మధ్య ఎత్తు తగ్గిందా, మోకాళ్ళు పైకి లేస్తాయి, తొడల కింద సీటు అందదు, బరువంతా తుంటి మీద పడుతుంది. పీట మీద కూర్చుని విజయవాడ దాకా వెళ్ళినట్టే. నేల కింద బ్యాటరీ పరిచిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో వెనక కూర్చున్నవాళ్ళ ఫిర్యాదు సరిగ్గా ఇదే.

ఇప్పుడు డ్రిల్లు దగ్గరికి. అందులో మోటారు ముందు ఓ చిన్న గిన్నెలాంటి గేర్‌బాక్సు ఉంటుంది. నడుమ సూర్యగేరు, చుట్టూ దాన్ని ఒరుసుకుంటూ తిరిగే గ్రహగేర్లు, వాటిని మోసే పళ్ళెం, అన్నిటి చుట్టూ లోపలివైపు పళ్ళున్న వలయం. దీన్నే ప్లానెటరీ గేరు అంటారు. డ్రిల్లులో వలయాన్ని కదలకుండా బిగిస్తారు. దాన్ని విడిపించి చేత్తో తిప్పి చూడండి, ఆట మొదలవుతుంది. సూర్యుడు, పళ్ళెం, వలయం అనే మూడింటిలో ఏ రెండింటి వేగం మీరు నిర్ణయించినా మూడోది తనంతట తానే సర్దుకుంటుంది.

ప్రియస్‌లో పళ్ళేనికి ఇంజను తగిలించారు, సూర్యుడికి జనరేటరు, వలయానికి పెద్ద మోటారూ చక్రాలూ. సూర్యుడికి 30 పళ్ళు, వలయానికి 78.

దీన్ని మా క్లాసులో కాడితో చెప్పాను. జోడెద్దుల్లో ఒకటి బలమైనదైతే నాగలి తాడును కాడి నట్టనడుమ కట్టరు, బలమైన ఎద్దు వైపు జరిపి కడతారు. బరువు దానికి ఎక్కువ పడుతుంది, బక్కదానికి తక్కువ. ఇక్కడ నాగలి చోట ఇంజను ఉందనుకోండి. అది తోస్తుంటే రెండు కొసల్లో నిలబడ్డవి దాన్ని కాస్తున్నాయి. ఇంజను మెలితిప్పే బలం 108 పాళ్ళయితే 78 పాళ్ళు నేరుగా చక్రాలకు, 30 పాళ్ళు జనరేటరుకు. వేగం ఎంతైనా ఈ వాటా మారదు.

అసలు చమత్కారం బక్క ఎద్దుది. అది తన వంతు కాయడం మానేస్తే కాడి అటు తిరిగిపోతుంది, బలమైన ఎద్దుకూ బలం అందదు. జనరేటరు ఎదురు నిలబడితేనే ఇంజను బలం చక్రాలకు చేరుతుంది. ఆ నిలబడడంలో పుట్టిన కరెంటేమో పెద్ద మోటారుకు వెళ్ళి మళ్ళీ చక్రాలనే తిప్పుతుంది! జనరేటరు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటే చాలు, కారు ఏ వేగంలో ఉన్నా ఇంజను తనకు నచ్చిన వేగంలో తిరుగుతుంది. ఇంజను ఆగి, బండి బ్యాటరీతో కదులుతుంటే, వలయం ఒక చుట్టు తిరిగేలోపు సూర్యుడు వెనక్కి 2.6 చుట్లు తిరుగుతాడు. ఇంజనును లేపాలంటే ఆ జనరేటరే మోటారై తిప్పుతుంది.

కాబట్టి క్లచ్ లేదు, గేర్ల వరస లేదు, స్టార్టర్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. వాటి చోట్లోనే మోటార్లు ఇమిడిపోయాయి. కుర్రాడి ప్రశ్నలో సగానికి జవాబు దొరికింది.

మిగతా సగం బ్యాటరీ. మొదటి ప్రియస్‌లో టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లు సైజువి 240 సెల్లు వెనక సీటు వీపుకు ఆనుకుని నిలబడ్డాయి. 2003 బండిలో 168కి తగ్గి డిక్కీ నేల కిందికి దిగాయి. 2015లో వెనక సీటు కిందికి చేరాయి. ఈలోగా 2011లో ఏడు సీట్ల ప్రియస్ వచ్చినప్పుడు మూడో వరస కోసం లిథియం బ్యాటరీని ముందు సీట్ల నడుమ పెట్టెలో సర్దారు.

పోటీదారు హోండా 1999లో మా కుర్రాడి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. ఇన్‌సైట్‌లో ఇద్దరే కూర్చోండి! సుమారు 60 మిల్లీమీటర్ల మందమున్న బిళ్ళలాంటి మోటారును ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఇరికించిన పనితనం అందమైనదే. కానీ ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది కారు కాదు.

మన దగ్గరికొస్తే తేడా డిక్కీలో కనిపిస్తుంది. హోండా సిటీ పెట్రోలు బండి డిక్కీ 506 లీటర్లు, హైబ్రిడ్‌లో 306. గ్రాండ్ విటారాలో 373 కాస్తా 265. సీట్లు అవే, కాళ్ళ చోటూ అదే. బ్యాటరీ మింగింది సామాన్ల చోటు. అమెరికా వెళ్ళే పిల్లను సూట్‌కేసులతో శంషాబాద్‌లో దింపాల్సిన రోజున సిటీలో తగ్గిన ఆ 200 లీటర్ల విలువ తెలుస్తుంది.

ఇన్నోవా హైక్రాస్ కథ వేరు. పాత ఇన్నోవా క్రిస్టా నిచ్చెనలాంటి ఉక్కు ఫ్రేము మీద కూర్చుంది, ఇంజను ముందుంటే తిరిగేది వెనక చక్రాలు. హైక్రాస్‌లో ఆ ఫ్రేమూ లేదు, వెనక్కి వెళ్ళే షాఫ్టూ లేదు. మొత్తం పొడవు 20 మిల్లీమీటర్లే పెరిగినా, చక్రాల మధ్య దూరం 2,750 నుంచి 2,850 మిల్లీమీటర్లకు పెరిగింది. హైబ్రిడ్ రకంలో బ్యాటరీ ముందు సీట్ల కింద దాక్కుంది, అందులోనూ 168 సెల్లే. కుటుంబమంతా తిరుపతి వెళ్ళాలంటే నా ఓటు దీనికే.

హైబ్రిడ్ కొన్నవాళ్ళకు ఒక మాట. చాలా వాటిలో బ్యాటరీ మనం పీల్చే ఏసీ గాలితోనే చల్లబడుతుంది. ఆ గాలి పోయే జాలీ ఎక్కువగా వెనక సీటు పక్కనో, కిందనో ఉంటుంది. ఎక్కడుందో ఒకసారి వెతికి పట్టుకోండి, దాని మీద దిండూ తువ్వాలూ పెట్టకండి, అప్పుడప్పుడు దుమ్ము దులపండి.