మువ్వ మోగితే తలుపు తీయండి

సంక్రాంతి వస్తే మన గోదావరి జిల్లాల్లో గంగిరెద్దు ముచ్చట చూడని వాళ్లుంటారా? ‘అమ్మగారికి దండం పెట్టు’ అనగానే మోకాళ్లు వంచుతుంది. ‘పాత చీర ఇస్తారా?’ అంటే తలూపుతుంది. దానికి తెలుగొచ్చని చిన్నప్పుడు నేనూ మురిసిపోయేదాన్ని. పరీక్షగా చూస్తే తెలుస్తుంది... దాని ధ్యాసంతా యజమాని చేతిలోని తాడు మీదే!

జర్మనీలో ‘హాన్స్’ అనే గుర్రం లెక్కలు చేస్తోందని 1904లో పెద్ద సంచలనమైంది. జవాబెంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఆ గుట్టు విప్పి 1907లో పుస్తకం రాశాడు. సరైన అంకె రాగానే ప్రశ్న అడిగినవారి తల తెలియకుండానే రవ్వంత కదిలేది. గుర్రం అది చూసి ఆగిపోయేది. అంటే మన ఒంటి భాష జంతువులు ఎప్పుడో చదివేశాయన్నమాట. మనతో చెప్పుకోవడానికే వాటికో దారి కావాలి.

అమెరికాలో క్రిస్టీనా హంగర్ అనే స్పీచ్ థెరపిస్టు 2018లో తన కుక్క స్టెల్లాకు మాటలు రికార్డు చేసిన బటన్లు నొక్కడం నేర్పింది. ‘బయటికి’, ‘ఆట’ లాంటి మాటలు బటన్‌లోంచి వినిపించినా కుక్కలు తగినట్టే స్పందిస్తున్నాయని 2024లో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. అయితే కబుర్లు చెప్పేస్తాయని మాత్రం అనుకోకండి.

మనకు అంత ఖర్చెందుకు? దూడ మెడలో కట్టే మువ్వ ఒకటి చాలు. రాజమండ్రిలో మాది రెండో అంతస్తు ఫ్లాటు. మా ఊరకుక్క చుక్కకు నేను నేర్పిన పద్ధతి ఇదీ:

* మువ్వను తలుపు పక్కన కుక్క మూతికందే ఎత్తులో కట్టాలి.

* బయటికి తీసుకెళ్లే ప్రతిసారీ దాని మూతిని మువ్వకు తాకించి, ఆ క్షణమే తలుపు తీయాలి. ఆలస్యమైతే రెండింటికీ సంబంధం దానికి తెలియదు.

* పని కాగానే ఓ పల్లీ గింజంత కోడిగుడ్డు ముక్క పెట్టి మెచ్చుకోవాలి.

* ఇంట్లో అందరూ ఒకే మాట, ఒకే సైగ వాడాలి. కొట్టడం, కసరడం వద్దు.

మూడు వారాలకు చుక్క తనంతట తానే మోగించింది. ఆ మువ్వ విలువ నాకు తెలిసింది మాత్రం తొమ్మిదో ఏట. ఒకరోజు పొద్దుట్నుంచి పదిసార్లు మోగించింది. ‘గారాబం ఎక్కువైందండీ, పట్టించుకోకండి’ అన్నారు పక్కింటి పిన్నిగారు. నేను మాత్రం మోగినప్పుడల్లా కిందికి తీసుకెళ్లి చూశాను. వెళ్లిన ప్రతిసారీ నాలుగు చుక్కలే మూత్రం! పశువుల డాక్టరుగారు పరీక్ష చేయించి ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులతో తగ్గిపోయింది. మువ్వే లేకపోతే ఇల్లు పాడుచేసిందని తిట్లు తినేది, రోగం ముదిరేది.

అన్నట్టు, పిల్లలు ముచ్చటపడుతున్నారని మాటలు నేర్పడానికి రామచిలుకను తెచ్చి పంజరంలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఒక్కమాట. మువ్వ కట్టామంటే పిలుపు వినే బాధ్యత మనదే. సీరియల్ అయ్యాక చూద్దాంలే అని నాలుగుసార్లు ఊరుకుంటే, ఐదోసారి అది అడగడమే మానేస్తుంది.