తపాలా బిళ్ళపై మంచు, నిప్పు

తపాలా బిళ్ళ మీద అగ్నిపర్వతం బొమ్మ ఉండడం వింత కాదు. ఆ బొమ్మ మీద అసలైన అగ్నిపర్వతపు బూడిదే ఉంటే? 2010 జూలైలో ఐస్‌లాండ్ తపాలా సంస్థ అటువంటి బిళ్ళలు మూడు విడుదల చేసింది. ఎయాఫ్యాట్లాయోకుల్ అగ్నిపర్వతం నుంచి ఆ ఏప్రిల్‌లో రాలిన సన్నని బూడిదను వాటి ముద్రణలో వాడారు.

ఆ పేరు చివర ఉన్న 'యోకుల్' అంటే హిమానీనదం. ఈ పర్వత శిఖరం మందమైన మంచు కింద ఉంటుంది. మంచు ఉంటే నిప్పు చల్లారుతుందని మీరనుకోవచ్చు. కాని జరిగేది వేరు. శిలాద్రవం తాకగానే మంచు కరిగి, ఆ నీరు క్షణాల్లో ఆవిరవుతుంది. ఆవిరి వ్యాకోచించే ధాటికి శిలాద్రవం నుగ్గునుగ్గై, సన్నని బూడిదగా ఆకాశానికి ఎగురుతుంది. ఈ బూడిద జెట్ ఇంజన్ల వేడికి కరిగి లోపల అతుక్కుంటుంది. అందుకే ఆ ఏప్రిల్‌లో ఐరోపాలో చాలా భాగాన విమానాలు సుమారు ఆరు రోజులు నిలిచిపోయాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం కరిగిన నీరే. ఐస్‌లాండ్‌లో సుమారు 800 మందిని ఇళ్ళ నుంచి తరలించారు. వరద వచ్చినా ప్రాణాలు దక్కాయి. కొలంబియాలో అలా జరగలేదు. 1985 నవంబరు 13 రాత్రి నెవాడో డెల్ రూయిజ్ పేలినప్పుడు కరిగిన మంచు బురద ప్రవాహమై ఆర్మేరో పట్టణాన్ని కప్పేసింది. ఆ ప్రవాహం అక్కడికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అయినా పట్టణాన్ని ఖాళీ చేయించలేదు. ఆ రాత్రి సుమారు 23,000 మంది మరణించారు.

మంచుకొండ ఉన్న బిళ్ళ మీ ఆల్బమ్‌లో చేరితే, శిఖరాన్ని చూసి ఆగిపోకండి. అట్లాసు తెరిచి, ఆ కొండ నుంచి దిగే నదుల ఒడ్డున ఏయే ఊళ్ళున్నాయో వెతకండి.