దోపిడీకి గురైన మాయా శిలాఫలకాలు: పునరప్పగింతలోని నైతిక ప్రశ్నలు

ప్రాచీన మాయా పాలకులు తమ జననం, పట్టాభిషేకం, యుద్ధ విజయాల వివరాలను నిలువెత్తు సున్నపురాతి ఫలకాలపై చెక్కించారు. 'స్టెలా'లుగా పిలిచే ఈ శాసనాలు 1960లలో గ్వాటెమాలా, మెక్సికో అడవులలోని శిథిల నగరాల నుండి విస్తృతంగా దోపిడీకి గురయ్యాయి. టన్నుల బరువున్న రాతిని తరలించడం కష్టం కనుక దొంగలు శిల్పమున్న ముఖభాగాన్ని మాత్రమే రంపాలతో కోసి, ముక్కలుగా చేసి అమ్ముకున్నారు.

ఈ నష్టం స్వరూపాన్ని ఒక ఉదాహరణ స్పష్టం చేస్తుంది. 1960లో తతియానా ప్రోస్కురియాకోఫ్ పియెద్రాస్ నెగ్రాస్ స్టెలాలను అవి నిలిచిన కట్టడాల వారీగా పరిశీలించారు. ఒక్కొక్క వరుసలోని తేదీలు ఒక మనిషి జీవితకాలానికి మించలేదు. ఆ ఆధారంతోనే అవి రాజుల చరిత్రను చెబుతున్నాయని ఆమె నిరూపించారు. ఏ ఫలకం ఏ కట్టడం ముందు ఉండేదో తెలియకపోతే ఈ నిర్ధారణ సాధ్యమయ్యేది కాదు. చోటు తప్పిన శాసనం సగం సాక్ష్యాన్ని కోల్పోతుంది.

1970 నాటి యునెస్కో ఒప్పందం గతానికి వర్తించదు. ఎల్ పెరూ-వాకా నగరానికి చెందిన రాణి కాబెల్ స్టెలాను క్లీవ్‌లాండ్ కళా మ్యూజియం 1967లో సేకరించింది. ఇటువంటి సేకరణల విషయంలో చట్టానికి కాలపరిమితి ఉండవచ్చు గాని, నైతిక బాధ్యతకు అది వర్తించదు. అడవిలో వదిలితే ఫలకాలు నశించేవని, మ్యూజియంలో అందరూ చూడగలుగుతున్నారని సమర్థకులు వాదిస్తారు. అయితే కొనేవారు చెల్లించే ధరే దొంగ చేతికి రంపాన్ని అందించింది. రక్షణ అనే వాదం ఈ కార్యకారణ సంబంధాన్ని విస్మరిస్తుంది.

తిరిగి ఇవ్వవలసింది ఎవరికి అన్నది మరింత జటిలమైన ప్రశ్న. అంతర్జాతీయ ఒప్పందాలు రాజ్యాన్నే హక్కుదారుగా గుర్తిస్తాయి. కాని గ్వాటెమాలా అంతర్యుద్ధంలో (1960-1996) గుర్తించబడిన బాధితులలో 83 శాతం మంది మాయా ప్రజలేనని, కొన్ని ప్రాంతాలలో రాజ్యమే జాతిహననానికి పాల్పడిందని 1999లో సత్యశోధక సంఘం తేల్చింది. మాయా పూర్వీకుల శిల్పాలను జాతీయ గర్వచిహ్నాలుగా ప్రదర్శిస్తూ, వారి వారసులను అణచివేసిన రాజ్యానికి ఫలకాన్ని అప్పగించడంతో న్యాయం పూర్తవుతుందా? ఈ కారణం చూపి విదేశీ మ్యూజియంలు ఫలకాలను తమ వద్దే ఉంచుకోవడమూ సమర్థనీయం కాదు. రాజ్యం చేసిన అపరాధం కొనుగోలుదారుకు హక్కును కల్పించదు.

పియెద్రాస్ నెగ్రాస్ స్టెలా శకలమొకటి 2021లో ఫ్రాన్స్ నుండి గ్వాటెమాలాకు చేరింది. ఇటువంటి అప్పగింతలు తొలి అడుగు మాత్రమే. సేకరణ చరిత్రను మ్యూజియంలు బహిర్గతం చేయాలి. కోసిన ముఖభాగానికీ, అడవిలో మిగిలిన మొండి రాతికీ గల సంబంధాన్ని నమోదు చేయాలి. ప్రదర్శన, సంరక్షణ, ఆచార సంబంధమైన నిర్ణయాలలో మాయా సమాజాలకు భాగస్వామ్యం కల్పించాలి. అప్పుడే పునరప్పగింత రెండు ప్రభుత్వాల మధ్య జరిగే లాంఛనంగా మిగలక, వారసులకు జరిగే న్యాయమవుతుంది.