వార్తల్లో పదం: జీవితచక్ర మదింపు

వేసవి మధ్యాహ్నమున పాకాలలోని కాంక్రీటు మిద్దె క్రింద కూర్చుండిన వారికి పైకప్పునుండి దిగివచ్చు వేడిమి యెంత దుస్సహమో వేరుగ చెప్పనక్కరలేదు. దాని నడ్డగించుటకై కప్పుపై పరచు పాలీస్టైరీన్ పలక, అనగా మన థర్మాకోలు, ముడిచమురుగా భూగర్భమును వీడినది మొదలు శిథిలములలో కలియువరకు ప్రకృతికి గావించు మేలుకీడుల నన్నిటిని లెక్కించు పద్ధతియే జీవితచక్ర మదింపు. ఐఎస్‌వో 14040 ప్రమాణము దీనికి చట్రము.

పలకలో సుమారు 98 శాతము గాలియే గనుక పదార్థవ్యయము స్వల్పము. ఏసీ గల యింట ఏటేట మిగులు విద్యుత్తువలన తయారీకైన శక్తి తిరిగి దక్కును. ఏసీ లేని యింట దక్కునది దేహసుఖము. అయినను, బెంజీన్, ఇథిలీన్‌ల నుండి పుట్టి ఈ పలకకు ముడిసరుకగు స్టైరీన్ 2020 మే 7న విశాఖ చెంత ఆర్.ఆర్. వెంకటాపురమున ఆవిరియై వెలువడి 12 మంది ప్రాణములు గొన్న దారుణము ఈ లెక్కలో మరువరానిది. మంటల నివారణకై పలకలలో కలుపుచు వచ్చిన హెచ్‌బీసీడీని 2013లో స్టాక్‌హోమ్ ఒడంబడిక, భవన పలకలకు తాత్కాలికమైన మినహాయింపునిచ్చి, తొలగింపు జాబితాలో చేర్చినది.

కూల్చివేతనాడు సిమెంటు అంటిన పలక పునర్వినియోగమునకు పనికిరాదు. కాల్చినచో విషధూమమగును, పారవేసినచో పూసలుగా విడి చెరువులకు చేరును. కావున విడదీయ వీలగునట్లు పరచుటయు, కలిపిన రసాయనమేదో అడిగి కొనుటయు గృహస్థుని కర్తవ్యములు.