బేరము లేని సత్క్రియ



కొన్నేళ్ల క్రితం తుఫాను వచ్చినప్పుడు మా సంఘము తరఫున బియ్యము పంచాము. జాబితా వ్రాసింది నేనే. ఆదివారము ఆరాధనకు వచ్చేవారి పేర్లు ముందు, రానివారి పేర్లు చివర వ్రాశాను. చివరివారి వరకు బియ్యము చాలలేదు. ఖాళీ సంచితో నిలబడిన ఒక ముసలమ్మ, "అయ్యగారూ, గుడికి వస్తేనే ఆకలి తీరుస్తారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మోకరించినప్పుడు మన తెలుగు సంఘముల చరిత్రలోని ఒక సంగతి నా మనస్సుకు వచ్చింది.

1876-78 సంవత్సరములలో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చింది. మన పెద్దలు దానినే ధాత కరవు అనేవారు. లక్షలాదిమంది మరణించారు. ఆ దినములలో ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అమెరికన్ బాప్టిస్టు మిషనెరీగా ఉన్నారు. యౌవనములో ఆయన స్వదేశములో భూమిని సర్వే చేసే పని నేర్చుకున్నారు. ఆ పని ఇక్కడ అక్కరకు వచ్చింది. కరవు పనిగా ప్రభుత్వము త్రవ్విస్తున్న కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఆయన కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించారు. అదే బకింగ్‌హాం కాలువ. చాలా చోట్ల పూడిపోయినా, దాని ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి.

పనికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగ సహోదరులు, సహోదరీలు. మన తెలుగు బోధకులే మేస్త్రీలై వారిచేత పని చేయించారు. పని ఆగి, అందరూ నీడన కూర్చున్నప్పుడు యేసు ప్రభువును గూర్చి చెప్పారు. వినినవారిలో అనేకులు బాప్తిస్మము అడిగారు. అయితే క్లౌ దొరగారు ఇవ్వలేదు. కరవు సాయము సాగినంత కాలము ఒప్పుకోలేదు. కూలి కోసము, గింజల కోసము ఎవరూ క్రీస్తు నామము ధరించకూడదని ఆయన తలంపు.

సాయము ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని అందరికీ తెలియజేశారు. అయినా 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరకు జనము తండోపతండములుగా వచ్చారు. మాకు సాయము వద్దు, మేము కష్టపడి బ్రతికేవారమేనని బొబ్బలెక్కిన తమ చేతులు చూపించారు. చనిపోయినా క్రైస్తవులుగానే చనిపోతామన్నారు. జూలై 3న ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలిచి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ప్రియులారా, ఈ సంఖ్యను మనము సంతోషముగా చెప్పుకొంటాము. దానికి ముందు ఆయన "ఇప్పుడు కాదు" అన్న దినములను మాత్రము మరచిపోతాము. సువార్తను ఆయన దాచలేదు, అన్నమును ఆపలేదు. కాని ఒకదానిని రెండవదానికి వెలగా పెట్టలేదు.

ఇది మన ప్రభువు మార్గమే. లూకా సువార్త 17వ అధ్యాయములో ఆయన పదిమంది కుష్ఠరోగులను శుద్ధులను చేశాడు. తిరిగి వచ్చి కృతజ్ఞత చెల్లించినది ఒక్కడే. మిగిలిన తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడే గాని, వారి స్వస్థతను వెనుకకు తీసుకొనలేదు.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో పౌలు, రక్షణ మన క్రియల ఫలము కాదు, దేవుని వరమేనని నేర్పి, వెంటనే మనము సత్క్రియలు చేయుటకే సృష్టింపబడ్డామని చెబుతున్నాడు. ఉచితముగా పొందినవాడు ఉచితముగానే ఇస్తాడు. మనము లెక్క చూచుకొని మేలు చేస్తున్నామంటే, మనము పొందినది కృప అన్న సంగతి మరచిపోయామన్నమాట. యాకోబు చెప్పినట్లు, ఆకలిగొన్నవానిని మంచి మాటలతో పంపివేయుట తప్పే. షరతు పెట్టి అన్నము పెట్టుట కూడా తప్పే.

మన పొరుగింటిలో జ్వరముతో పడి ఉన్నవారికి గంజి కాచి ఇద్దాము. పంట పోయిన రైతుకు విత్తనములు బదులిద్దాము. వారు ఏ గుడికి వెళ్తారో అడుగవద్దు. వారు మన నిరీక్షణను గూర్చి అడిగితే సిగ్గుపడక చెబుదాము.

మరునాడు మా ఇంటి బియ్యము తీసుకొని ఆ ముసలమ్మ గుమ్మము దగ్గరకు వెళ్లాను, క్షమించమని అడిగాను. ఆమె బియ్యము తీసుకొని నాకు మజ్జిగ ఇచ్చింది. ఆమె ఈనాటి వరకు ఆరాధనకు రాలేదు. అయినా మా జాబితాలో ఇప్పుడు ఆమె పేరే మొదట ఉంటుంది.

బేరము లేని ప్రేమను ప్రభువు మనకందరికీ నేర్పును గాక! ఆమేన్.