మూగవోయిన వ్యోమకేంద్రం

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ నివసించిన సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7 మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మూగవోయింది. అప్పుడందులో మనుషులెవ్వరూ లేరు. సంకేతాలివ్వని కేంద్రానికి స్వయంచాలక పద్ధతిలో నౌకను జతచేయడం అసాధ్యం. ఆ భారం వ్లదిమీర్ జానిబెకోవ్‌పై పడింది.

1942లో జన్మించిన ఆయన అప్పటికే నాలుగుసార్లు రోదసికి వెళ్లివచ్చారు. 1982లో స్వయంచాలక వ్యవస్థ విఫలం కాగా, నౌకను చేతితో నడిపి ఇదే కేంద్రానికి జతపరచిన నేర్పరి.

1985 జూన్ 6న విక్టర్ సవినిఖ్‌తో కలిసి సోయుజ్ టి-13లో బయలుదేరి, కంటిచూపునూ లేజర్ దూరమాపకాన్నీ నమ్ముకొని 8వ తేదీన కేంద్రాన్ని చేరారు. లోపల చీకటి, ఎముకలు కొరికే చలి. నిల్వనీరు గడ్డకట్టింది. భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు. పంకాలు ఆగిపోతే విడిచిన శ్వాస ముఖం చుట్టూనే పేరుకొని తలనొప్పి, మగత కలుగుతాయి. అట్టి చోట వారిద్దరూ ఉన్నిటోపీలు ధరించి పనిచేశారు. మూలకారణం చూడబోతే అల్పమైనదే. బ్యాటరీలు నిండాయో లేదో తెలిపే చిన్న పరికరం చెడింది. ఎదుట సూర్యుడుండగానే అవి అడుగంటాయి. సౌరఫలకాల తీగలను నేరుగా బ్యాటరీలకు కలిపి, సోయుజ్ ఇంజన్లతో కేంద్రాన్నే సూర్యునివైపు తిప్పారు. క్రమంగా దీపాలు వెలిగాయి, మంచు కరిగింది.

ఈ యాత్రలోనే, సరకుల నుండి ఊడదీసిన రెక్కల నట్టు ఒకటి గాలిలో తిరుగుతూ ఉండియుండి తలక్రిందులు కావడం ఆయన గమనించారు. ఆ గణితసూత్రం పాతదే. అయినా దానికి 'జానిబెకోవ్ ప్రభావం' అన్న పేరు స్థిరపడింది. సెప్టెంబరు 26న ఆయన భూమికి తిరిగివచ్చారు. అయిదు యాత్రలలోనూ నాయకుడు ఆయనే.